దుంగ దోనెలు, తెరచాప పందెములు



మన కృష్ణాగోదావరుల నడుమ పుట్టిపెరిగినవారికి పడవను గూర్చి చెప్పబూనుట సాహసమే యగును. తాటిమొదలు తొలిచిన దోనెపై కొల్లేటిలో గెడవేసినవారు మీలో ననేకులుందురు. సంస్కృతమున ద్రోణి యను శబ్దమే మనవారి నోట దోనె యైనది. అమరసింహుడు దానిని కొయ్యతో చేసిన జలపాత్రముగా తన కోశమున చెప్పియున్నాడు. ఇట్టి దోనెయే భూగోళమునకు ఆవలితట్టున పుట్టి, తెరచాప నెత్తి, రెండువందల యేండ్లకు పైగా జనులకు అన్నము పెట్టి, కడపట ఆ పని పోగా పందెపు గుఱ్ఱమువలె బ్రతికి నిలిచినది. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

గత వేసవిలో నేను మా అమ్మాయి యింటికి అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమునకు పోయియుంటిని. ఒక ఆదివారము ఉదయమున అల్లుడు నన్ను సెయింట్ మైకేల్స్ అను చిన్న యూరికి తోడుకొనిపోయెను. మైల్స్ నది యొడ్డున పడవపందెము జరుగుచున్నదని చెప్పగా, తెడ్లతో నడపు పందెమే కాబోలునని తలచితిని. అక్కడకు పోయి చూడగా నదిపై తెల్లని తెరచాపల గుంపు కనబడెను. ఒక్కొక్క పడవ మిక్కిలి సన్నము. దానిపై చాపలు మాత్రము మిక్కిలి పెద్దవి. పడవలోనుండి పొడవైన పలకలు గాలివచ్చువైపునకు, నీటిమీదుగా బయటకు చాచియుండెను. ఆ పలకల కొనలపై మనుష్యులు వరుసగా కూర్చుండియుండిరి. వారి క్రింద పడవ లేదు, నీరు మాత్రమే యున్నది. నేను చూచుచుండగనే గాలి తగ్గెను. పలకలమీదివారందరును ఒక్కమాటుగా లోనికి ప్రాకిరి. ఒక పడవలోనివారు మాత్రము అఱనిమిషము ఆలసించిరి. వారి పలక కొన నీట ముంచుకొనెను. పడవ ప్రక్కకు ఒరిగెను. తెరచాపలన్నియు నీటిపై పఱచుకొనెను. నేను భయపడి లేచి నిలువబడితిని. నా ప్రక్కనున్న వృద్ధుడు నవ్వి, కూర్చుండుమని సైగ చేసెను. ఆ పడవలకు అది నిత్యకృత్యమట.

ఈ పడవలను అచ్చటివారు లాగ్ కెనూలందురు. లాగ్ అనగా దుంగ. కెనూ అను మాట ఆంగ్లేయులది కాదు. కరీబియను ద్వీపముల ఆదివాసుల భాషనుండి స్పెయినుదేశీయులు గ్రహింపగా, వారినుండి తక్కిన యూరపు భాషలకు ప్రాకినది. కావున దుంగదోనె యని మనము చెప్పుకొన్నచో అర్థము సరిగా కుదురును.

ఈ దోనె పుట్టినచోటు చెసాపీకు అఖాతము. ఇది అమెరికా తూర్పుతీరమున మేరీలాండు, వర్జీనియా రాష్ట్రముల నడుమ ఉత్తరదక్షిణముగా సుమారు 200 మైళ్ల పొడవున నున్నది. ఉత్తరమున సస్క్వెహానా నది వచ్చి కలియును. దక్షిణమున అట్లాంటికు సముద్రము లోనికి చొచ్చును. అందుచే నీరు పూర్తిగా ఉప్పునుగాదు, పూర్తిగా మంచిదియు గాదు. మన పులికాటు సరస్సు నెఱిగినవారికి ఇది తేటపడును. ఇంత పెద్ద జలాశయమైనను సగటు లోతు 21 అడుగులు మాత్రమే, అనగా మూడున్నర నిలువులు. దీని తూర్పుగట్టున చోప్టాంకు, మైల్స్, ట్రెడ్ ఏవన్, చెస్టర్ మున్నగు నదులును, లెక్కకు మిక్కిలియైన కాలువలును చొచ్చుకొనియున్నవి. ఇట్టి లోతులేని నీట లోతుగా మునుగు ఓడ పనికిరాదు. దోనెవంటి తేలికపడవయే తగినది.

ఇంగ్లీషువారు 1607లో జేమ్సుటౌనున కాపురము పెట్టుటకు ముందే ఆ తీరమున నుండిన ఆదివాసులు పెద్ద దోనెలు చేసికొనుచుండిరి. వారికి ఇనుము లేదు. వారు మ్రాను మొదట నిప్పుపెట్టి కూల్చి, పైభాగమున నిప్పు రాజవేసి, కాలినంతవఱకు ఱాళ్లతోను ఆలుచిప్పలతోను గీకి, మరల కాల్చి, మరల గీకి, తొట్టివలె తొలిచెడివారు. 1608లో ఈ అఖాతమును చుట్టిచూచిన కెప్టెన్ జాన్ స్మిత్ ఆ దోనెలలో కొన్ని 40, 50 అడుగుల పొడవుండి 40 మందిని మోయగలవని వ్రాసెను. నిప్పును కత్తిగా వాడుకొనిన ఆ నేర్పు సామాన్యమైనది కాదు. ఇంగ్లీషువారు తమ ఇనుప గొడ్డలిని, బాడిసను తెచ్చి ఆ పనిని త్వరపఱచిరి. దోనె యను భావము మాత్రము ఆదివాసులదే. వారినుండి పడవను గ్రహించినవారు క్రమముగా వారి నేలను కూడ గ్రహించిరి. ఈ సంగతి చెప్పక పడవను మెచ్చుకొనుట న్యాయము కాదు.

ఒక్క మ్రాను తొలిచిన దోనెకు ఒక హద్దు గలదు: చెట్టు లావెంతయో దోనె వెడల్పంత. వెడల్పు లేని పడవపై తెరచాప నిలువదు. అందుచే 17వ శతాబ్దపు చివరకు అచ్చటివారు రెండు మూడు దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి ఒకే పడవగా మలచుట కారంభించిరి. ఈ యూహ మనకును క్రొత్తది గాదు. రెండు దోనెలను జతకట్టినదానిని మనవారు సంగడి యందురు. సుమారు 2000 సంవత్సరముల క్రిందట గ్రీకుభాషలో వ్రాయబడిన ఎరిత్రియా సముద్రపు పెరిప్లసు అను గ్రంథమున, మన తూర్పుతీరమున ఏకదారువులను జతచేసి కట్టిన 'సంగర' యను పెద్ద నావలు గలవని చెప్పబడినది. మన భాషలో చెలికానిని సంగడికాడు అనుటయు ఎఱుగుదుము. రెండు దోనెలు ఒకదానికొకటి తోడుగా నిలిచిన రీతి ఈ మాటలో కనబడుచున్నది. ఇట మనవారు దోనెలను విడివిడిగా నుంచి త్రాళ్లతో కట్టిరి. అట వారు దుంగలను సందు లేకుండ అతికి, మొదట కొయ్యసీలలతోను పిదప ఇనుపసీలలతోను బిగించి, జతను ఒకే శరీరముగా చేసిరి.

ఈ నిర్మాణక్రమము తెలిసికొనదగినది. మన కోశములలో సరళవృక్షమని చెప్పబడిన పైను జాతి మ్రాకులను కొట్టి తెచ్చెడివారు. ఒక్కొక్క పడవకు సాధారణముగా 3 గాని 5 గాని దుంగలు. నడిమి దుంగ లావుగలది. అది పడవకు వెన్నెముక. దాని కిరుప్రక్కల రెండేసి దుంగలు ఱెక్కలవలె చేరును. మొదట వెలుపలి వంపును బాడిసతో చెక్కి, పిదప లోపల తొలిచెదరు. ముందుకొనయు వెనుకకొనయు రెండును వాడిగానే యుండును. పటములు లేవు, లెక్కలు లేవు. కంటి కొలతయే కొలత.

చెక్కుటలో ప్రమాదమేమనగా, లోపల తొలుచునపుడు ఎంత మందము మిగిలినదో తెలియదు. ఒక్క దెబ్బ హెచ్చైనచో పడవకు చిల్లి పడును. దీనికి వారొక ఉపాయము కనుగొనిరి. వెలుపలినుండి కావలసిన మందమునకు సరియైన లోతున చిన్న రంధ్రములు తొలిచి, వాటిలో కొయ్యమేకులు దిగగొట్టెదరు. లోపల తొలుచువాడు ఆ మేకుకొన కనబడినంతనే బాడిసను ఆపును. ఇంతకంటె సులభమైన కొలబద్ద మఱియొకటి యుండునా? దుంగలపైన ఒకటి రెండు పలకలు అంచుగా కట్టి, స్తంభములు నిలిపినచో పడవ సిద్ధమగును.

పడవ అడుగున నడుమ ఒక సన్నని చీలిక యుండును. దానిగుండ ఒక పలకను నీటిలోనికి దింపుటకును పైకి లాగుటకును వీలున్నది. లోతునీటిలో దింపినచో పడవ ప్రక్కకు జాఱక సూటిగా పోవును. మెరకకు వచ్చినపుడు పైకి లాగినచో నేల తగులదు. అచ్చటి నీటికి ఇట్టి కూర్పు మిక్కిలి తగినది.

ఈ పడవలు పుట్టినది వినోదమునకు గాదు, ఆలుచిప్పలకొఱకు. అఖాతపు అడుగున ఆలుచిప్పలు గుట్టలుగుట్టలుగా పెరిగెడివి. అందలి మాంసము ఆ దేశీయులకు ప్రియమైన ఆహారము. రెండు పొడవైన కఱ్ఱలను కత్తెరవలె నడుమ సీలవేసి, కొనలకు ఇనుప దంతెలు తగిలించి, పడవలో నిలువబడి అడుగుననున్న చిప్పలను పట్టి పైకి తీసెడివారు. చలికాలమున మంచుగాలిలో చేయవలసిన పని యది. తెల్లవారును, నల్లజాతివారును, స్వతంత్రులును, బానిసత్వమున నుండినవారును ఆ నీటిపై చెమటోడ్చిరి. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట రైలుమార్గములును, డబ్బాలలో నిలువచేయు కర్మాగారములును పెరుగుటచే ఆలుచిప్పలకు గిరాకి మితిమీఱెను. 1884–85 కాలమున మేరీలాండున ఒక్క యేటనే సుమారు కోటి యేబదిలక్షల బుషెళ్ల చిప్పలు తీసిరి. బుషెలు అనగా అచ్చటి కొలతబుట్ట. అంత తీసిన పిదప అడుగున నేమి మిగులును? నేడు అఖాతమున నున్నది ఆనాటి రాశిలో స్వల్పాంశము మాత్రమే.

ఇక పందెముల మాట. సరకుతో ముందుగా రేవు చేరినవానికి మంచి ధర. కావున ప్రతిదినమును ఇంటికి మరలుట యొక పందెమే. పనిలేని దినములలో ఊరికి ఊరికి పంతములు పెరిగెను. మేరీలాండు తూర్పుగట్టున 1840 దశకమునుండి ఈ పందెములు సాగుచున్నవి. పని పడవయే పండుగనాడు పందెపుపడవ. సంక్రాంతికి మనవారు దుక్కియెద్దులను అలంకరించి బండిపందెములకు తోలుటవంటిది.

అయితే పంతము పెరిగినకొలది చాపలు పెరిగెను. పడవపొడవునకు మించిన స్తంభములు రెండు. ముందరిది పెద్దది, వెనుకది చిన్నది. రెండును వెనుకకు వాలియుండును. వీటికి పెద్దచాపలు రెండు, ముందు మూలచాప యొకటి. గాలి తక్కువైనపుడు వీటిపైన గాలిపటమువలె మఱియొక చాప. ఇంత చాపను ఇంత సన్నని పడవపై నెత్తినచో అది నిలుచుట యెట్లు? పెద్ద ఓడలకు అడుగున బరువుండును. వీటికి అదియు లేదు. ఇక్కడనే ఆ పలకల రహస్యమున్నది.

మన ఏతామును జ్ఞాపకము చేసికొనుడు. ఏతపు మ్రానుపై మనుష్యుడు బావివైపునకు నడచినచో బాన క్రిందికి దిగును. వెనుకకు నడచినచో నీటితో పైకి వచ్చును. మనుష్యుని బరువు పెరుగలేదు, తరుగలేదు. వాడు నిలిచిన దూరము మాత్రమే మాఱినది. దుంగదోనెపై నడచునదియు ఈ ధర్మమే. పడవ నడిమికి 3 అడుగుల దూరమున కూర్చున్నవాడు పలకవెంట 12 అడుగుల దూరమునకు ప్రాకినచో, వాని బరువు నాల్గింతలుగా పనిచేయును. గాలి చాపను ఒకవైపునకు త్రోయగా, పలకమీదివారు ఆ త్రోపునకు ఎదురుతూకమై నిలుతురు. పలక యొక కొనను పడవ ఆవలియంచు క్రింద ఇరికించి, ఈవలియంచుమీదుగా బయటకు చాచెదరు. గాలి పెరిగినచో బయటకు ప్రాకవలెను. తగ్గినచో లోనికి రావలెను. పడవ దిశ మాఱునపుడు అందరును లోనికి వచ్చి, ఆ బరువైన పలకలను లాగి రెండవవైపునకు చాచి, మరల పైకెక్కవలెను. ఇదంతయు రెప్పపాటున జరుగవలెను. ఏతాముమీదివానికి బావి కదలదు. వీరి బావి గాలి. అది క్షణక్షణమును కదలుచుండును.

చుక్కాని పట్టినవాడొకడు, చాపత్రాళ్లు పట్టినవారు కొందఱు, పలకలమీదివారు కొందఱు. పది పండ్రెండుగురు, పెద్దపడవలలో ఇంకను ఎక్కువ. వీరిలో ఒక్కడు ఏమఱినను పడవ తిరుగబడును. తిరుగబడినపుడు కొయ్య గనుక మునిగిపోదు. నీటిలోనే యీదుచు స్తంభములను ఊడదీసి, పడవను నిటారు చేసి, నీరు తోడి తెచ్చుకొందురు. పెద్దపడవ చిన్నపడవకు కొంత కాలము వదలవలెనను నియమము కలదు. అందుచే ముందు వచ్చినవాడే గెలిచినట్లు కాదు.

ఇంతటి పడవకును చెడుకాలము వచ్చినది. 19వ శతాబ్దపు చివరకు లావైన మ్రాకులు అరుదయ్యెను. పలకలతో కట్టు పడవ చవుకగా దొరకెను. 1890 ప్రాంతమున స్కిప్‌జాకు అను క్రొత్త పలకపడవ వచ్చి చిప్పలపనిని తనదిగా చేసికొనెను. 20వ శతాబ్దారంభమున యంత్రము వచ్చెను. పెక్కు దుంగదోనెల స్తంభములు తీసివేసి యంత్రములు బిగించిరి. కొన్ని బురదలో క్రుళ్లిపోయెను. పందెమే లేకున్నచో కథ ఇంతటితో ముగిసియుండెడిది.

పనికి అక్కఱలేని పడవను పందెముకొఱకు నిలిపిరి. అంతే కాదు, క్రొత్తవియు కట్టిరి. టిల్గ్‌మన్ ద్వీపవాసియైన విలియం సిడ్నీ కోవింగ్టన్ 1882లో ఐలండ్ బర్డ్ అను పడవను, 1892లో ఐలండ్ బ్లాసం అను పడవను కట్టెను. మొదటిది సుమారు 27 అడుగులు, రెండవది సుమారు 32 అడుగులు. ఒకటి దీవిపిట్ట, రెండవది దీవిపూవు. పేర్లు ముచ్చటగా లేవా? ఆ ద్వీపమందే జాన్ బి. హారిసన్ అను నిర్మాత 1931లో జే డీ, 1932లో ఫ్లయింగ్ క్లౌడ్ అను రెండు పెద్ద పడవలను కట్టెను. అప్పటికి చిప్పలపనికి దుంగదోనె కావలయునని కోరువాడు లేడు. అవి పందెముకొఱకే పుట్టినవి. 1937లో ఎం. వి. బ్రూయింగ్టన్ ఈ దోనెలను గూర్చి ప్రత్యేకగ్రంథము వెలయించెను. 1965లో సెయింట్ మైకేల్సున చెసాపీకు నౌకాప్రదర్శనశాల స్థాపింపబడినది. అచ్చట కొయ్యపడవలను బాగుచేయు పనివారిని జనులు నిలిచి చూడవచ్చును. 1985లో, మిగిలిన 22 పందెపు దుంగదోనెలను ఆ దేశపు జాతీయ చారిత్రకస్థలముల పట్టికలో చేర్చిరి. కోటలకును మందిరములకును ఇచ్చు గౌరవమును చిప్పలు తీసిన దోనెలకు ఇచ్చిరన్నమాట.

నా ప్రక్కనున్న వృద్ధునితో కొంతసేపు మాటలాడితిని. "ఇది నూటనలువది యేండ్ల పడవ యనుచున్నారు గదా, ఇందు నాటి కొయ్య యెంత యున్నది?" అని యడిగితిని. ఆయన దాచక చెప్పెను. క్రుళ్లిన దుంగ ముక్కలు మార్చిరట, పలకలు మార్చిరట, స్తంభములు ఎన్నిమాఱులో విఱిగినవట, చాపలు మాఱినవట. మన తర్కశాస్త్రమున ఈ ప్రశ్న పాతదే. రాత్రియంతయు వెలిగిన దీపజ్వాల 'అదియే యిది' యని తోచును గాని, క్షణక్షణమును క్రొత్తనూనె కాలుచునే యుండును. మన దేవాలయరథములకు చక్రములు మార్చిన పిదప రథము వేఱయ్యెనని మనమనుకొనుచున్నామా? అయినను ఒక భేదమున్నది. చక్రము మార్చుటకు చక్రము చేయ నేర్చినవాడుండవలెను. ఆ పడవలను ఏటేట విఱుగగొట్టుకొనుటచేతనే వాటిని బాగుచేయు చేతులు అచ్చట బ్రతికినవి. అద్దాలపెట్టెలో పెట్టియున్నచో కొయ్య మిగిలియుండెడిది, పని పోయెడిది.

ఆ పందెములలో లోపము లేదనను. పడవను నిలుపుటకు ధనము కావలెను. పలకలనెక్కువారిలో నేడు పెక్కుమంది వేఱువృత్తులవారు. చిప్పలు తీసినవారి చెమట ఆ తెల్లచాపలపై కనబడదు. కాని చేతిపని మిగిలినది. అంతమాత్రము మనము నిలుపుకొంటిమా?

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనవలెను. సుమారు 30 సంవత్సరముల క్రిందట నేను కొల్లేటిప్రాంతపు బడిలో పనిచేయుచుండగా, జాలరి యింటి పిల్లవాడొకడు వారము దినములు బడి మానెను. తాత తాటిదోనె తొలుచుచుండగా సాయము పోయితినని చెప్పెను. నేను వానిని బెత్తముతో కొట్టి, ఎండలో నిలువబెట్టితిని. ఆ ముసలివాడు దోనెను తొలుచుచు మధ్యమధ్య వ్రేలికణుపుతో తట్టి, ఆ చప్పుడునుబట్టి మందము తెలిసికొనెడివాడట. మనుమనికి ఆ విద్యయే నేర్పుచుండెను. నేను నేర్పుచుండిన క్షేత్రగణితమునకు అది యే విధమునను తీసిపోదని నాకు తోచలేదు. మఱునాటినుండి పిల్లవాడు బడికి వచ్చెను. తాత మఱియొక రెండేండ్లకు కాలము చేసెను.

మైల్స్ నది యొడ్డున మందమునకు మేకులు కొట్టు ఉపాయమును విన్నప్పుడు నాకు ఆ పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. స్వదేశమునకు వచ్చిన పిదప వెదకికొని పోయితిని. అతడిప్పుడు చేపలచెఱువు కావలి కాయుచున్నాడు. నేను వచ్చిన పని చెప్పగా తలవంచుకొని, "అయ్యో, ఆ మాట ఇంకా గుర్తుందా మాస్టారూ" అనెను. పిదప నన్ను పశువులపాకకు తోడుకొనిపోయెను. తాత తొలిచిన దోనె అక్కడ కుడితితొట్టిగా పడియున్నది. వంగి రెండుచోట్ల తట్టి, "ఇక్కడ బొటనవ్రేలంత మందం, ఇక్కడ అంతకు తక్కువ" అనెను. మేము దబ్బనముతో గ్రుచ్చి చూచితిమి. అతడు చెప్పినది సరిగా నుండెను.

ఆనాటినుండి నేనొక నోటుపుస్తకము పెట్టితిని. తాటిచెట్టును ఎట్లు ఎంచుకొనుటయో, ఏ మాసమున కొట్టుటయో, ఏ పనిముట్టు కేమి పేరో అతడు చెప్పుచుండగా వ్రాసికొనుచున్నాను. ఇంతవఱకు 60 మాటలు చేరినవి. అందులో పెక్కింటిని మన నిఘంటువులలో వెదకి కానకున్నాను. వచ్చు వేసవికి ఒక చెట్టు దొరకినచో అతనిచేత ఒక దోనె తొలిపింపవలెనని యున్నది. ఈసారి బడిపిల్లలను నేనే తోడుకొనిపోయి ప్రక్కన కూర్చుండబెట్టెదను.

మీ యూళ్లలో దోనె తొలుచువారు గాని, ఏతము కట్టువారు గాని, రథచక్రము బిగించువారు గాని యున్నచో, సాయంకాలము వారి యరుగుపై ఒక గడియ కూర్చుండుడు. వ్రాయనేర్చిన మనుమని వెంట తీసికొనిపొండు.

సెలవు.